ఆట, ఆర్మీ, లా... ఏది ముందు?

హనుమకొండ నుంచి ఒకమ్మ రాశారు. వాళ్ళబ్బాయి డిగ్రీ రెండో ఏడు, యూనివర్సిటీ తరఫున 400 మీటర్లు పరిగెడతాడట, ఆర్మీ ఆఫీసర్ అవుతా, తర్వాత లాయర్ అవుతా అంటున్నాడట. "రెండు పడవల మీద కాళ్ళేస్తే ఎట్లా సార్, ఏదో ఒకటి తేల్చుకోమనండి" అని అడిగారు.

అమ్మా, ఏదో ఒకటి అని నేను చెప్పను, ఏది ముందు ఏది తర్వాత అన్నదే తేల్చుకోవాలి. అమెరికాలో బైరన్ వైట్ అని ఒకాయన, 1917లో పుట్టాడు, కొలరాడోలో చిన్న ఊరు, చిన్నప్పుడు బీట్ పొలాల్లో పని చేశాడు. కాలేజీలో ఫుట్‌బాల్ స్టార్ (మన ఫుట్‌బాల్ కాదు, బాల్ చేత్తో పట్టుకుని ఉరికేది), చదువులోనూ ఫస్టే. 1938లో ఆక్స్‌ఫర్డ్‌కి రోడ్స్ స్కాలర్‌షిప్పూ, పిట్స్‌బర్గ్ టీమ్ నుంచి 15 వేల డాలర్ల పైన జీతమూ ఒకేసారి వచ్చినయ్. ఆయన ఏదీ వదల్లేదు, ఆక్స్‌ఫర్డ్‌ని కొన్ని నెలలు ఆపి ఆ సీజన్ ఆడేసి, బాల్ పట్టుకుని పరిగెత్తడంలో లీగ్ మొత్తానికి ఫస్ట్ వచ్చి, అప్పుడు వెళ్ళాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక తిరిగొచ్చి యేల్ యూనివర్సిటీలో లా, మధ్యలో డెట్రాయిట్ టీమ్‌కి రెండు సీజన్లు ఆడాడు. తర్వాత నేవీలో ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా పసిఫిక్‌లో పని చేసి 2 బ్రాంజ్ స్టార్ మెడల్స్ తెచ్చుకున్నాడు. లా పూర్తయ్యేసరికి 1946, ముప్ఫైకి దగ్గర పడ్డాడు, అయినా ఏం పోయింది, 1962లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యి 31 ఏళ్ళు చేశాడు.

ఆటకీ యూనిఫామ్‌కీ వయసు ఆగదు, లాకి ఆగుతుంది. అందుకే మీవాడు ఇప్పుడు ట్రాక్ వదలొద్దు. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో సీడీఎస్ (ఆర్మీ ఆఫీసర్ అవడానికి రాసే పరీక్ష) రాయొచ్చు, ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉంటే ఆ ఎంట్రీ వేరేగా ఉంది, సర్వీస్ అయ్యాక లాసెట్ (లా ఎంట్రన్స్) రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేసుకోవచ్చు. లా మీదే ప్రాణం ఉంటే మాత్రం వరస తిరగేయాలి, డిగ్రీ అవగానే ఎల్‌ఎల్‌బీ, అందులో 55 శాతం మార్కులు, క్లాట్ పీజీ (లా పీజీ ఎంట్రన్స్) స్కోర్, 27 ఏళ్ళ లోపు ఆర్మీ జాగ్ ఎంట్రీ, అంటే ఆర్మీలోనే లా ఆఫీసర్. మూడేళ్ళ లా చదువు మధ్యలో ఉంది కాబట్టి ఏళ్ళు వేస్ట్ చేసుకోవద్దు. నన్నడిగితే మీవాడికి ఈ జాగ్ దారే బాగుంటుంది. ఏ దారిలో వెళ్ళినా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ) ఐదు రోజులు తప్పదు, అక్కడ గ్రౌండ్ మీద టీమ్‌తో చేయించే పనుల్లో ఆటగాళ్ళకి బెరుకు తక్కువ.

ఇంకోటి, వైట్ ముందు మెరైన్స్‌లో చేరదామనుకుంటే రంగులు సరిగ్గా కనపడవని తీసుకోలేదు, అంత పెద్ద ఆటగాణ్ణి. కోచింగ్‌కి డబ్బులు కట్టకముందే, ఈ వారంలోనే, మీ అబ్బాయిని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, రంగు చుక్కల్లో అంకెలు చదివించే ఆ టెస్ట్ చేయించండి, ఏమన్నారో నాకు రాయండి.