ఆగస్టు 15 నాటికి ఓరుగల్లు ఎవరి పాలనలో ఉంది?

నమస్కారమండీ. 1947 ఆగస్టు 15న ఓరుగల్లుకు స్వాతంత్ర్యం వచ్చిందని మీ అమ్మాయి బడి ప్రసంగంలో రాసుకుంటే, వాళ్ల తాతగారు కాదన్నారనీ, ఏది సరైనదో తేలడం లేదనీ అడిగారు. తాతగారి మాటే నిజం.

మన ప్రాంతం అప్పుడు నేరుగా బ్రిటిష్ పాలనలో లేదు, నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో ఉంది. 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టం సంస్థానాలపై బ్రిటిష్ ఆధిపత్యాన్ని ముగించిందే తప్ప వాటిని భారతదేశంలో కలపలేదు కనుక, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వతంత్రంగా ఉండాలని చూసి, నవంబరు 29న అప్పటిదాకా ఉన్న ఏర్పాట్లనే భారత్‌తో కొనసాగించే యథాతథ ఒప్పందంతో సరిపెట్టారు. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న ప్రవేశించగా, 17న ఆయన లొంగిపోయారు.

ప్రసంగంలో మన ఓరుగల్లు దగ్గరి పరకాలను తప్పక చేర్చమనండి. 1947 సెప్టెంబరు 2న, అంటే ఢిల్లీలో త్రివర్ణ పతాకం ఎగిరిన మూడు వారాలలోపే, అదే జెండా ఎగురవేయడానికి అక్కడ గుమిగూడిన జనంపై కాల్పులు జరిగాయి. వీలైతే అమ్మాయిని ఒకసారి అక్కడి స్మారకం అమరధామానికి తీసుకువెళ్లండి. ఆ ఘటనను కళ్లకు కట్టే శిల్పాల ముందు కాసేపు నిలబడితే, ఆ జెండా కోసం మనవాళ్లు ఏం పోగొట్టుకున్నారో నేను చెప్పగలిగినదానికంటే బాగా తెలుస్తుంది.

మనం ఒక్కరమే ఆలస్యమయ్యామని కూడా అనుకోనక్కరలేదు. ఫ్రెంచివారి యానాం 1954 జూన్‌లో, పోర్చుగీసువారి గోవా 1961 డిసెంబరులో విముక్తమయ్యాయి.