నాలుగేళ్ల బాబుకు సున్తీ అవసరమా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. అంగం ముందు చర్మం వెనక్కి రావడం లేదు. మూత్రానికి వెళ్లినప్పుడు అది బుడగలా ఉబ్బుతోంది. శుభ్రం కోసమని మావారు రోజూ స్నానం చేయించేటప్పుడు దాన్ని వెనక్కి లాగుతారు, వాడు గట్టిగా ఏడుస్తాడు. జ్వరానికి చూపించినప్పుడు ఒక డాక్టరు గారు ‘ఫైమోసిస్ ఉంది, ఇప్పుడే సున్తీ చేయించండి, పెద్దయ్యాక కష్టం’ అన్నారు. మావారు వెంటనే చేయిద్దామంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. నా భయంతో వాడికి నేనే అన్యాయం చేస్తున్నానా?

జవాబు: మీరు అన్యాయమేమీ చేయడం లేదు. అయితే ఆపరేషన్ సంగతి కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. స్నానం చేయించేటప్పుడు ఆ చర్మాన్ని వెనక్కి లాగడం ఈ రోజుతోనే ఆపించండి. పసివయసులో ముందు చర్మం లోపలి పొర అంగం కొనకు సహజంగానే అంటుకుని ఉంటుంది, గోరు తన కింది చర్మాన్ని అంటిపెట్టుకుని ఉన్నట్టే. బలవంతంగా విడదీస్తే సన్నటి చీలికలు పడి రక్తం వస్తుంది, అవి మానేటప్పుడు మచ్చ కట్టి చర్మం బిగుసుకుపోవచ్చు. అంటే, బాబుకు లేని జబ్బును చేతులారా తెచ్చిపెట్టినట్టవుతుంది. మీవారు ప్రేమతోనే చేస్తున్నారని నాకు తెలుసు, కానీ ఈ వయసులో పైపైన నీళ్లతో కడిగితే చాలు.

నాలుగేళ్లకు చర్మం వెనక్కి రాకపోవడం దానంతటది జబ్బు కాదు. డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు 1949లోనే ఈ విషయాన్ని పరిశీలించి, అప్పుడే పుట్టిన మగపిల్లల్లో నూటికి నలుగురికి మాత్రమే చర్మం పూర్తిగా వెనక్కి వస్తుందని రాశారు. డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడిపిల్లలను కొన్నేళ్లపాటు పరీక్షించి 1968లో ప్రకటించిన వివరాలు మీకు ఇంకా ధైర్యాన్నిస్తాయి: 6, 7 ఏళ్ల పిల్లల్లో నూటికి ఎనిమిది మందికి చర్మం బిగువుగా ఉండగా, 16, 17 ఏళ్లకు వచ్చేసరికి అది నూటికి ఒక్కరికే మిగిలింది. వయసుతోపాటు ఆ అతుకు తనంతట తానే విడిపోతుంది, అది కొందరిలో త్వరగా, కొందరిలో యుక్తవయసు వచ్చేదాకా నెమ్మదిగా జరుగుతుంది.

చిక్కంతా ‘ఫైమోసిస్’ అనే మాటతోనే వచ్చింది. సహజమైన బిగువునూ, జబ్బు వల్ల వచ్చిన బిగువునూ రెంటినీ ఆ ఒక్క పేరుతోనే పిలుస్తారు, అది వినగానే తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. తేడా తెలిసేది వయసును బట్టి కాదు, చర్మం కొన ఎలా ఉందన్నదాన్ని బట్టి. సహజమైన బిగువులో డాక్టరు చర్మాన్ని నొప్పి పుట్టకుండా కొద్దిగా వెనక్కి జరిపితే కొన మెత్తగా, గులాబీ రంగు మడతలతో మొగ్గలా విచ్చుకుంటుంది. జబ్బులో ఆ కొన తెల్లగా పాలిపోయి, గట్టిపడి, మచ్చ కట్టిన ఉంగరంలా ఉంటుంది. లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి వల్ల ఇలా జరుగుతుంది, అయిదేళ్లలోపు పిల్లల్లో ఇది అరుదు. అది ఉందని తేలితే మాత్రం సున్తీ చేయించవలసిందేనని చాలామంది సర్జన్లు చెబుతారు, అప్పుడు మీరూ వెనుకాడవద్దు.

బుడగలా ఉబ్బడం చూడటానికి కంగారుగానే ఉంటుంది. కానీ ధార బాగా వస్తూ, వాడు ముక్కకుండా, నొప్పి లేకుండా మూత్రం పోస్తుంటే అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. చర్మం కింద తెల్లటి పూసల్లాంటివి కనబడినా అవి చీము కాదు, అతుకు విడిపోయేటప్పుడు రాలిన చర్మకణాలే. ఒకసారి ఎర్రబడి వాచినంత మాత్రాన సున్తీ అక్కర్లేదు. పదే పదే వాపు వస్తుంటే, లేదా మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నే లోపం ఉండి మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంటే సర్జన్‌తో కూర్చుని ఆలోచించాలి.

ఊరికే ఆగడానికీ, ఆపరేషన్‌కూ మధ్యలో ఇంకో మెట్టు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తున్నారన్నదే నా బాధ. ఇబ్బంది పెడుతున్న బిగువుకు డాక్టర్లు బీటామెథాసోన్ వంటి స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు రెండుసార్లు చొప్పున 4 నుంచి 8 వారాలు రాయమని ఇస్తారు. ఎక్కువమంది పిల్లల్లో చర్మం దానితోనే సడలుతుంది. డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడవద్దు. మీ బాబుకు బాధ ఏమీ లేకపోతే ఇప్పుడు అది కూడా అవసరం ఉండకపోవచ్చు.

మతాచారంగా సున్తీ చేయించే కుటుంబాల నిర్ణయం వేరు, మీరు అడిగింది వైద్యపరంగా అవసరమా అని. ఈ వయసులో మామూలుగా పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. అనుభవజ్ఞుల చేతుల్లో ప్రమాదం తక్కువే అయినా రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, తర్వాత మూత్రద్వారం సన్నబడటం వంటివి ఉండవచ్చు. మూత్రద్వారం అంగం కొనన కాక కిందివైపు ఉన్న పిల్లలకు ఆ లోపాన్ని సరిచేయడానికి ఈ చర్మమే కావలసి రావచ్చు, కనుక ముందే తీసేయకూడదు. ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉంటే ఆ మాట మీరే ముందుగా చెప్పాలి.

మీవారితో వాదించి గెలవాలని చూడకండి, ‘పెద్దయ్యాక కష్టం’ అన్న మాట ఆయన్ను నిజంగానే భయపెట్టింది. ఇద్దరూ కలిసి పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లి మూడే మూడు ప్రశ్నలు అడగండి: కొనలో మచ్చ ఉందా, ఆయింట్‌మెంట్‌తో చూడవచ్చా, ఆగితే నష్టమేమిటి? ఆ జవాబులు ఆయన నేరుగా వింటే మీ ఇంట్లో ఈ తగవు సగం తీరుతుంది. బాబుకు మాత్రం, ‘ఇక నిన్ను ఎవరూ లాగరు నాన్నా’ అని వాళ్ల నాన్నే చెప్పాలి. రోజూ ఏడుస్తూ స్నానానికి వస్తున్న పిల్లవాడికి ఆ మాట ఆయన నోటివెంటే రావాలి.

సర్జన్‌ను చూసేలోగా ఒక జాగ్రత్త తీసుకోండి. వెనక్కి వెళ్లిన చర్మం ముందుకు రాకుండా ఇరుక్కుని కొన వాచినా, బాబు మూత్రం పోయలేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.