కోత పండుగకు వాక్యం చెప్పబోయే అబ్బాయికి

పలమనేరు

నాయనా, పెదనాయన దీవెనలు.

కోత పండుగకు ఈసారి వాక్యం నువ్వే చెప్తావని మీ అమ్మ చెప్పింది. బైబిల్లో నేల, నీళ్ల గురించి ఏముందో చెప్తావంట. సంతోషం. చెట్ల బొమ్మతో ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టించి దాని ముందర మాత్రం నిలబడొద్దు.

ఆదికాండం 1:28లో ‘లోపరచుకొనుడి, ఏలుడి’ అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు ప్రకృతి పాడైనందుకు క్రైస్తవాన్ని తప్పుపట్టింది ఇట్లాంటి మాటల మీదే. ఆయన మీద కోపం తెచ్చుకోకుండా పేజీ తిప్పు. 2:15లో తోటను సేద్యపరచను, కాయను నరుణ్ణి పెట్టినాడని ఉంది. కాయడానికి హెబ్రీలో షామర్ అంటారు. సంఖ్యాకాండం 6:24లో ‘నిన్ను కాపాడునుగాక’ అన్నచోటా అదే మాట. ఆరాధన చివర అయ్యగారు చెయ్యెత్తి ఇచ్చే దీవెనే కదా అది!

ఆదికాండం 26వ అధ్యాయం నిదానంగా చదువు. అబ్రాహాము బావుల్ని ఫిలిష్తీయులు మట్టిపోసి పూడిస్తే, ఇస్సాకు మళ్లీ తవ్వించి తండ్రి పెట్టిన పేర్లే పెట్టినాడు. నేనేమో మా నాయన తవ్విన బావిలో చెత్త పోయించి, పక్కనే బోర్లు వేయించినాను. మూడు పోయినాయి. నాలుగోది 800 అడుగులు దించినా తెల్లదుమ్మే లేచింది. వారం దాకా మామిడాకుల మీద ఆ దుమ్ము అట్లనే ఉండింది. అప్పు తీరేదానికి ఆరేళ్లు పట్టింది. ఫిలిష్తీయులు ఎట్లుంటారని పిల్లోళ్లు అడిగితే నన్ను చూపించు.

లేవీయకాండం 25 కూడా చెప్పు, ఏడో ఏట నేలకు విశ్రాంతి. ‘మరి తినేదేంది?’ అని వెనక బెంచీలో ఎవరో ఒకరు అంటారు. ఆ ప్రశ్న 20వ వచనంలోనే ఉంది, జవాబు కిందనే ఉంది, రెండూ చదివి వినిపించు. పైరు మార్చండని మాత్రం నువ్వు పాఠం చెప్పొద్దు. ఏటేటా చెనక్కాయే వేసి నష్టపోయినోళ్లకు ఆ సంగతి నీకంటే బాగా తెలుసు.

యోనా చివరి వచనం మర్చిపోవద్దు. నీనెవెలో లక్షా ఇరవై వేల పైచిలుకు జనం గురించి చెప్పి, ‘బహు పశువులు’ కూడా ఉన్నాయంటాడు దేవుడు. ఆవుల్ని మేపుకునే మన ఆడోళ్లకు ఇంక వివరం అక్కర్లేదు.

శనివారం పొద్దున్నే రా. బావిలో చెత్త తీసేదానికి ఇద్దరిని మాట్లాడినాను, మూడో మనిషివి నువ్వే. పాత బట్టలు తెచ్చుకో.

మీ పెదనాయన