మీవారి జీతం చూపిస్తే లోన్ రాదన్నది ఎవరు?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నేను 2017లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను, 2023లో ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. వయసు 34. గుంటూరులో బీకామ్ చదివాను. ప్రస్తుతం కేర్ హోమ్‌లో వారానికి 18 గంటలు పనిచేస్తున్నాను. ఈ సెప్టెంబర్ (2025) నుంచి అడల్ట్ నర్సింగ్ డిగ్రీ చదవడానికి యూనివర్సిటీలో సీటు వచ్చింది. మావారి జీతం ఏడాదికి 48,000 పౌండ్లు. పాపకు నవంబర్‌లో నాలుగో ఏడు నిండుతుంది, నర్సరీకి వెళ్తోంది. భర్త జీతం చూపిస్తే లోన్ రాదని ఒకరన్నారు. ఒంటరిగా ఉంటున్నట్టు రాసేయమని ఇంకొకరి సలహా. నేను కట్టలేకపోతే ఆ అప్పు తన మీద పడుతుందేమోనని మావారి భయం. ఇంతకుముందే డిగ్రీ ఉంటే అసలు ఇవ్వరని కూడా విన్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ చివరి అనుమానం తీరుస్తాను, ఎందుకంటే మనవాళ్ల అప్లికేషన్లు ఎక్కువగా తిరిగొచ్చేది అక్కడే. చేతిలో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు రెండో డిగ్రీకి స్టూడెంట్ ఫైనాన్స్ (ప్రభుత్వం ఇచ్చే చదువు లోన్) మామూలుగా ఇవ్వరు. ఆ డిగ్రీ ఇండియాలో చేసిందైనా, ఫీజు మీ నాన్నగారు సొంతంగా కట్టినా లెక్కలోకే వస్తుంది. మీరు అకౌంటింగో కంప్యూటర్సో చదువుతానని రాసి ఉంటే మీ బీకామ్ అడ్డొచ్చేది. నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఫిజియోథెరపీ లాంటి ఆరోగ్యరంగ కోర్సులకు మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి బీకామ్‌ను దాచకుండా ఫారంలో రాయండి.

ఇక మీవారి జీతం సంగతి. ట్యూషన్ ఫీజు లోన్‌కు ఆదాయంతో పని లేదు. 2025-26లో ఫీజు 9,535 పౌండ్ల వరకు ఉంటుంది, అది నేరుగా యూనివర్సిటీకే వెళ్తుంది. మీవారి జీతం 48 వేలైనా లక్షయినా అందులో తేడా రాదు. ఆదాయం చూసేది ఇంటి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ లోన్ దగ్గర. మీకు 25 దాటాయి, పెళ్లయింది కనుక మీ అమ్మానాన్నల ఆదాయం అడగరు, మీవారిదే అడుగుతారు. లండన్ బయట అమ్మానాన్నలతో కాకుండా వేరే ఇంట్లో ఉండేవాళ్లకు 2025-26లో గరిష్ఠంగా 10,544 పౌండ్లు వస్తుంది. ఇంటి ఆదాయం 25,000 దాటిన దగ్గర్నుంచి ఇది తగ్గుతూ పోతుంది. 62 వేల పైన సంపాదించే ఇంట్లోనూ ఆ ఏడాదికి 4,915 పౌండ్ల కనీస మొత్తం మాత్రం ఇస్తారు. సున్నా కావడం అంటూ ఉండదు.

మీ ఇంటి లెక్క చూద్దాం. మీవారి 48,000లోంచి పెన్షన్‌కు వెళ్లేది తీసేస్తారు. 5 శాతం అనుకుంటే 2,400. పాప మీమీద ఆధారపడి ఉంది కాబట్టి మరో 1,130 తగ్గిస్తారు. మిగిలేది 44,500 పౌండ్ల దాకా. దీని మీద మీకు ఏడాదికి ఏడున్నర వేల పౌండ్లకు కాస్త అటూఇటూగా లోన్ వస్తుంది. చదువుకుంటూ మీరు చేసే ఉద్యోగం జీతం ఈ లెక్కలో కలపరు. మీవారికి హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె, ఇక్కడి డిపాజిట్ల వడ్డీ లాంటివి ఉంటే అవి చూపించాల్సిందే. చూసేది 2023-24 పన్ను సంవత్సరం ఆదాయం. ఒకవేళ అప్పటికంటే ఇప్పుడు ఆదాయం 15 శాతమో అంతకంటే ఎక్కువో పడిపోతే ఈ ఏడాది లెక్కన చూడమని అడగొచ్చు. ఐటీలో ఉద్యోగాల పరిస్థితి తెలిసిందే కదా, ఈ మాట గుర్తుంచుకోండి.

ఒంటరిగా ఉంటున్నట్టు రాయమన్న సలహా ఇచ్చినవాళ్లు మీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు, కానీ అది అబద్ధపు డిక్లరేషన్. బయటపడితే ఎక్కువగా తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి, మోసం కేసూ కావచ్చు. పైగా నర్సుగా రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ నడవడిక బాగుందా అని నర్సింగ్ కౌన్సిల్ అడుగుతుంది. మూడు వేల పౌండ్ల కోసం ఆ రిజిస్ట్రేషన్‌ను పణంగా పెడతారా? మీవారికి వివరాలు ఇవ్వడం ఇష్టం లేకపోతే చట్టబద్ధమైన దారి ఒకటుంది: ఆదాయం చూపించకుండా కనీస మొత్తం మాత్రమే అడగడం.

అప్పు ఎవరి మీద పడుతుందన్న భయం గురించి మీవారికి నేరుగా చెప్తున్నాను. సార్, ఇది మీ భార్య పేరు మీద అప్పు. మీరు గ్యారెంటీ ఇవ్వడం లేదు, మీ జీతం లోంచి పైసా పట్టుకోరు. మీ ఆదాయం చూసేది ఆమెకు ఎంత ఇవ్వాలో తేల్చడానికే. తిరిగి కట్టేది ఆమె జీతాన్ని బట్టే. ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన భాగం మీద 9 శాతం, అంతే. బ్యాండ్ 5 నర్సు (కొత్తగా చేరే నర్సుల జీతం స్థాయి) ప్రారంభ జీతం 2025-26లో ఏడాదికి 31,049. దాని మీద నెలకు 45 పౌండ్లు. పిల్లల కోసం ఉద్యోగం మానేస్తే కట్టక్కర్లేదు. కట్టాల్సింది కోర్సు అయ్యాక 2029 ఏప్రిల్ నుంచి, అక్కడి నుంచి 40 ఏళ్లకు మిగిలింది రద్దవుతుంది. ఆమెకేమైనా అయితే కూడా రద్దే, అది మీకు రాదు.

మూడేళ్లకు కలిపి 51 వేల పౌండ్ల దాకా అవుతుంది. రూపాయల్లోకి మార్చి చూడకండి, గుండె గుభేలుమంటుంది. వడ్డీ ధరల పెరుగుదల సూచీని బట్టి ఉంటుంది. ఇది క్రెడిట్ ఫైల్‌లో కనిపించదు, కాకపోతే మార్ట్‌గేజ్ ఇచ్చేవాళ్లు పేస్లిప్‌లో కట్ అయ్యే ఆ నలభై అయిదు పౌండ్లను లెక్కేసుకుంటారు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా లోన్ కంపెనీకి చెప్పి, అక్కడి ఆదాయం చూపించాలి. మాయమైపోతే లెక్క వేరేలా వేస్తారు.

మీరు అడగనిది ఒకటి ఉంది, నాకు అదే అన్నిటికన్నా పెద్ద సమస్యగా కనిపిస్తోంది: పాప నర్సరీ.

ఇప్పుడు మీకు నర్సరీ వారానికి 30 గంటలు ఉచితంగా వస్తోందంటే భార్యాభర్తలిద్దరూ పనిచేస్తున్నారు కాబట్టే. ఒక్కొక్కరూ సగటున వారానికి 16 గంటల కనీస వేతనమంత, అంటే 2025-26 లెక్కన 195 పౌండ్లు సంపాదించాలి. మీ 18 గంటలు దానికి సరిపోతున్నాయి. కేర్ హోమ్ మానేసిన తర్వాత ఆ అర్హతను తిరిగి నిర్ధారించుకోవాల్సిన సమయం వచ్చేసరికి మీకు అందరికీ ఇచ్చే 15 గంటలే మిగులుతాయి. వారానికి 15 గంటలు, 38 వారాలు, గంటకు 7 పౌండ్లు వేసుకుంటే దాదాపు 4,000. నర్సింగ్ కోర్సులో 2,300 గంటలు ప్లేస్‌మెంట్‌లో (ఆసుపత్రి వంటి చోట్ల పని శిక్షణలో) ఉండాలి, అందులో పన్నెండు గంటల షిఫ్టులు, రాత్రి డ్యూటీలు ఉంటాయి. దాని మీద వారానికి 16 గంటల ఉద్యోగం కూడా చేస్తానంటే నేను వద్దంటాను. ఊరటనిచ్చే సంగతేమిటంటే ఈ ఇబ్బంది ఒక్క ఏడాదే. పాప 2026 సెప్టెంబర్‌లో రిసెప్షన్‌కు (బడిలో మొదటి తరగతికి ముందు ఏడాదికి) వెళ్తుంది. పిల్లల నర్సరీ ఖర్చుకు విద్యార్థులకిచ్చే చైల్డ్‌కేర్ గ్రాంట్ మీ ఇంటి ఆదాయానికి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆ నాలుగు వేలకు దారి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) లెర్నింగ్ సపోర్ట్ ఫండ్‌లో ఉంది. నర్సింగ్ విద్యార్థులకు ఏడాదికి 5,000 పౌండ్ల శిక్షణ గ్రాంట్, పిల్లలున్నవాళ్లకు మరో 2,000. రెండూ తిరిగి కట్టక్కర్లేనివి, మీవారి ఆదాయంతో పని లేనివి. దీనికి విడిగా, ప్రతి ఏడాదీ అప్లై చేయాలి. లోన్‌తో కలిపితే మీ చేతికొచ్చేది పద్నాలుగున్నర వేలు. కేర్ హోమ్ జీతం కనీస వేతనం లెక్కన పదకొండున్నర వేల లోపే. నర్సరీ ఖర్చు తీసేశాక మొదటి ఏడాది కొంచెం బిగువుగా ఉంటుంది, ఆ తర్వాత మీరు ఇప్పటికంటే మెరుగ్గానే ఉంటారు. డబ్బు టర్ముకు ఒకసారి, మూడు విడతలుగా వస్తుంది గనుక సెప్టెంబర్‌కు ముందే రెండు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి.

కేర్ హోమ్ అనుభవం ఉంది కాబట్టి మరో మాట. కొన్ని ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులు నర్సు డిగ్రీ అప్రెంటిస్‌షిప్ ఇస్తాయి. ఫీజు లేదు, జీతం వస్తుంది, కాకపోతే సాధారణంగా ఎక్కువ కాలం పడుతుంది, సీట్లు తక్కువ. మీకు దగ్గరలో ఉంటే ఆఫర్ ఒప్పుకునే ముందు ఒకసారి చూడండి.

కోర్సు మొదలయ్యే నాటికి మూడేళ్లుగా ఇక్కడే నివాసం ఉన్నట్టు కూడా చూపించాలి. ఆ మధ్య అమ్మకు బాగోలేక నాలుగైదు నెలలు ఊళ్లో ఉండిపోయి ఉంటే భయపడక్కర్లేదు, తాత్కాలికమని చెప్పడానికి టికెట్లు, ఇక్కడి ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు తీసిపెట్టుకోండి. మీ అకౌంట్‌లో అప్లికేషన్ పెట్టగానే మీవారికి ఈమెయిల్ వస్తుంది. ఆయన తన సొంత అకౌంట్ తెరిచి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, పీ60 (ఏడాది జీతం, పన్ను చూపే పత్రం) చూసుకుని వివరాలు నింపాలి. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉండగా మీ ఫైల్ వారాల తరబడి ఆగిపోవచ్చు, అందుకని అప్లై చేసిన రోజే పక్కన కూర్చోబెట్టి ఆయన భాగం కూడా పూర్తి చేయించండి.