మెడలు తిప్పుతున్న నాటుకోళ్లు: టెట్రాసైక్లిన్ మోతాదు పెంచవచ్చా?

ప్రశ్న: మా 40 నాటుకోళ్లు వారం రోజులుగా పచ్చగా పారుతున్నాయి. కొన్ని నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి, కొన్ని మెడలు తిప్పేస్తున్నాయి. 11 చనిపోయాయి. పారుడు రోగమని మందుల దుకాణంలో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పొడిని ఐదు రోజులుగా నీళ్లలో కలుపుతున్నాను. మోతాదు రెట్టింపు చేయమంటారా?

జవాబు: చేయవద్దు, ఇప్పుడు ఇస్తున్నది కూడా ఆపండి. పచ్చటి రెట్టతోపాటు మెడ మెలితిరుగుతోందంటే మొదట అనుమానించవలసింది కొక్కెర వ్యాధిని. ఇది వైరస్ రోగం, చికిత్స లేదు.

మీ పసుపు పొడి నకిలీది కాకపోవచ్చు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్‌ను అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ పొలం మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. 1948లో దానిని ప్రకటించిన లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. బాక్టీరియా తనకు కావలసిన ప్రోటీన్లను తయారుచేసుకునే రైబోజోములను ఈ మందు పట్టుకుని ఆ పనిని ఆపుతుంది. వైరస్‌కు సొంత రైబోజోములు లేవు, కోడి కణాల్లోని వాటినే వాడుకుంటుంది. వాటిని ఈ మందు అంతగా తాకదు కనుక ఎంత కలిపినా వైరస్ ఆగదు. పైగా కోడి పేగుల్లో మందుకు లొంగని బాక్టీరియా మాత్రమే మిగిలి పెరుగుతుంది. కోడిని చూడకుండా, రెట్ట రంగు విని పొడి పొట్లం చేతిలో పెట్టే దుకాణదారుకు ఇవేమీ పట్టవు. ఆయన్ని అడిగే ముందు పశువైద్యుణ్ణి అడగవలసింది.

జబ్బు కోళ్లను వెంటనే వేరుచేయండి. చనిపోయినవాటిని కాలువలో పారేయకుండా, లోతైన గుంటలో సున్నం చల్లి పూడ్చండి. మందు తాగిన కోళ్ల గుడ్లను, మాంసాన్ని మందు ఆపాక ఎన్నాళ్లు ఆగాలని డబ్బాపై రాసి ఉందో ఆ రోజులు గడిచేదాకా తినవద్దు, అమ్మవద్దు.

ఇకమీదట కొక్కెర రాకుండా కొత్త కోడిపిల్లలకు 7వ రోజున లసోటా టీకా కంట్లో లేదా ముక్కులో ఒక చుక్క, 28వ రోజున మరోసారి వేయించండి. 8 వారాలకు అదే వ్యాధికి ఆర్2బి అనే మరో టీకా 0.5 మి.లీ. రెక్క కింద చర్మంలోకి ఇప్పించండి. టీకాను ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. జేబులో వేసుకుని ఎండలో తెచ్చిన సీసా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. ఇప్పుడు జబ్బుతో ఉన్న కోళ్లకు మాత్రం టీకా వేయవద్దు.

తాజాగా చనిపోయిన ఒక కోడిని ఐసు పెట్టెలో ఉంచి, పశువైద్యుని ద్వారా వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు ఈరోజే పంపించండి.