టెక్ సందేహాలు: వైఫై పెడితే సీడీ డ్రైవ్ వచ్చింది!

గాజువాక నుంచి ఒక పాఠకుడు: సార్, మా పాత డెస్క్‌టాప్‌లో వైఫై లేదని ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ వైఫై అడాప్టర్ తెప్పించాను. పెట్టగానే వైఫై గుర్తు రాలేదు గానీ ‘దిస్ పీసీ’లో కొత్తగా ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తోంది. అసలు మా సిస్టమ్‌కి సీడీ డ్రైవే లేదు! వేరే వస్తువు ఏమైనా పంపేశారా? రిటర్న్ గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఇప్పుడే రిటర్న్ పెట్టకండి. మీకు వచ్చింది వైఫై అడాప్టరే అయ్యుండాలి. అది కావాలనే సీడీ డ్రైవ్‌లా నటిస్తోంది.

ఈ ఎత్తుగడ కొత్తది కాదు. ఒకప్పుడు టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ డాంగిల్స్ వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. డాంగిల్ పెట్టగానే ముందు సీడీ బొమ్మ వచ్చేది, అందులోంచి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయ్యేది, ఆ తర్వాతే నెట్ కనెక్ట్ అయ్యేది. వైఫై అడాప్టర్లలోనూ కొన్ని అదే దారి పట్టాయి. నెట్ రావాలంటే డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు. అందుకని డ్రైవర్‌ను అడాప్టర్ లోపలే చిన్న మెమరీలో పెట్టి పంపుతారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లా కాకుండా సీడీలా చూపించడానికీ కారణం ఉంది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్‌లు వ్యాపిస్తున్నాయని విండోస్ 7 నుంచి వాటికి ఆటోరన్ (పెట్టగానే దానంతటదే నడిచే సదుపాయం) తీసేశారు, సీడీలకు మాత్రం ఉంచారు.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఆ సీడీ డ్రైవ్ తెరిచి అందులో ఉన్న సెటప్ ఫైల్ నడపండి. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక సీడీ మాయమై, వైఫై వస్తుంది. సెటప్ మొండికేస్తే సీడీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎజెక్ట్’ నొక్కండి. చాలా అడాప్టర్లు దాంతోనే వేషం మార్చేస్తాయి. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘802.11ఏసీ ఎన్ఐసీ’ లాంటి పేరేదో కనిపిస్తే సంతోషించండి. దాని అర్థం కంప్యూటర్ వైఫైని చూసింది, ఇక డ్రైవర్ ఒక్కటే తక్కువ అని. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి. ఆ నెట్‌తో విండోస్ అప్‌డేట్ నడిపితే డ్రైవర్ సాధారణంగా దానంతటదే దిగుతుంది. నాకైతే సీడీలో వచ్చిన పాత డ్రైవర్ కంటే ఈ పద్ధతే ఇష్టం.

‘డ్రైవర్ అప్‌డేటర్ ఫ్రీ’ అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అడాప్టర్ సమస్య తీరకపోగా యాడ్‌లు తీరిగ్గా కూర్చుంటాయి.

మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థి: నాదీ ఇదే గొడవ, కాకపోతే లినక్స్ మింట్ 21లో. అట్ట మీద డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ), 600 ఎంబీపీఎస్ అని ఉంది. టెర్మినల్‌లో యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొడితే మాత్రం ‘0బీడీఏ:1ఏ2బీ, ఆర్‌టీఎల్ 8188జీయూ, డ్రైవర్ సీడీరామ్ మోడ్’ అని వస్తోంది. ఆ చిప్ 2.4 గిగాహెర్ట్జ్‌కే పనిచేస్తుందట కదా? డూప్లికేట్ అంటగట్టారా అన్నయ్యా?

అప్పుడే ఆ మాట అనకు తమ్ముడూ. అసలు తికమక ఇక్కడే ఉంది.

ప్రతి యూఎస్‌బీ పరికరం కంప్యూటర్‌కు రెండు నంబర్లు చెబుతుంది. ఒకటి తయారీదారుది, రెండోది ఆ వస్తువుది. నీకు తెర మీద కనిపించే పేరు ఎక్కువసార్లు పరికరం చెప్పింది కాదు. ఆ నంబర్లకు ఎదురుగా లినక్స్ దగ్గరున్న జాబితాలో ఏ పేరు రాసి ఉంటే అది చూపిస్తుంది. నీకు వచ్చినవాటిలో 0బీడీఏ అంటే చిప్‌లు చేసే రియల్‌టెక్ కంపెనీ. 1ఏ2బీ అనేది ఆ కంపెనీ సీడీ వేషానికి వాడుతున్న నంబర్. ఇబ్బంది ఏమిటంటే ఒకటి కంటే ఎక్కువ చిప్‌లు ఇదే నంబర్‌తో సీడీలా కనిపిస్తాయి. జాబితాలో 8188జీయూ అని రాసుకున్నారు కాబట్టి, ఏది పెట్టినా నీ లినక్స్ అదే అంటుంది.

అందుకే చిప్ ఏదో తేల్చాలంటే ముందు వేషం తీయించాలి. ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే ప్యాకేజీ ఉన్నది అందుకే. ఫోన్ టెదరింగ్‌తో దాన్ని ఇన్‌స్టాల్ చేసి అడాప్టర్ తీసి మళ్లీ పెట్టు. అయినా మారకపోతే టెర్మినల్‌లో ఆ మోడ్‌స్విచ్ ఆదేశానికే పెద్ద కే, పెద్ద డబ్ల్యూ ఆప్షన్లు, తర్వాత చిన్న వీ పక్కన 0బీడీఏ, చిన్న పీ పక్కన 1ఏ2బీ ఇచ్చి నడుపు. మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి రెండో నంబర్ చూడు. సీ811 వస్తే అది 8811సీయూ. నిఖార్సైన డ్యూయల్ బ్యాండ్ చిప్, నిన్నెవరూ మోసం చేయలేదు. బీ711 వస్తే మాత్రం నీ అనుమానం నిజమే, వెంటనే రిటర్న్ పెట్టు.

8811సీయూ అని తేలినా నీ మింట్ 21 అసలు కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) 5.15తో వైఫై రాదు. ఈ కుటుంబం యూఎస్‌బీ చిప్‌లకు లినక్స్‌లోనే డ్రైవర్ చేరింది 2023లో వచ్చిన 6.2 నుంచి. మింట్ 22కి మారితే కనీసం 6.8 కెర్నల్ వస్తుంది. ఎవరో రాసిన డ్రైవర్ కోడ్ తెచ్చి కంపైల్ చేసుకుంటే కెర్నల్ మారినప్పుడల్లా తలనొప్పి. అలా చేయవద్దనే నా సలహా.

ఇక 600 సంగతి. 5 గిగాహెర్ట్జ్‌లో 433, 2.4లో 150 కూడి గుండ్రంగా చేసి అట్ట మీద వేసిన అంకె అది. ఒకసారికి ఒక బ్యాండే పనిచేస్తుంది.

ఎంవీపీ కాలనీ నుంచి: మా ఫ్రెండ్ దగ్గర టీపీ లింక్ టీఎల్ డబ్ల్యూఎన్ 722ఎన్ ఉంది. లినక్స్‌లో పెట్టగానే పనిచేస్తుంది. అదే మోడల్ నేనూ కొన్నాను, ప్రాజెక్ట్‌కి కావలసిన మానిటర్ మోడ్ (చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లన్నీ వినే పద్ధతి) సరిగ్గా రావడం లేదు.

మోడల్ అదే, వెర్షన్ వేరు. మొదటి వెర్షన్‌లో అథెరాస్ ఏఆర్ 9271 చిప్ ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్‌కి మారారు. అడాప్టర్ మీద స్టిక్కర్ తిప్పి చూస్తే వెర్షన్ ఉంటుంది. ద్వారకానగర్ షాపుల్లో కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూసి ఆగిపోకుండా ఆ చిన్న అక్షరాలు కూడా చదవండి.

పెదవాల్తేరు నుంచి ఒక గృహిణి: నిన్నటి దాకా బాగున్న అడాప్టర్ ఇప్పుడు ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అంటోంది. డ్రైవర్ మూడుసార్లు వేసినా లాభం లేదు.

అమ్మా, డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూడండి. తయారీదారు నంబర్ ఉండాల్సిన చోట 0000 ఉందా? అయితే అడాప్టర్ తన పేరే చెప్పలేకపోతోంది. దానికి ఏ డ్రైవరూ పనిచేయదు. సముద్రానికి అంత దగ్గర్లో ఉప్పు గాలికి యూఎస్‌బీ కాంటాక్ట్‌లు తుప్పు పట్టడం మామూలే. సిస్టమ్ ఆపి, అడాప్టర్ కొసను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరాక క్యాబినెట్ వెనక పోర్టులో పెట్టండి. ముందువైపు పోర్టులు లోపలి వైరు మీద ఆధారపడతాయి, అవి త్వరగా లూజవుతాయి. వేరే కంప్యూటర్‌లోనూ అవే సున్నాలు కనిపిస్తే కొత్తది కొనుక్కోవడమే.