బొమ్మలు సర్దమంటే పారిపోతున్నాడు

ప్రశ్న: మాది కడప, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. బాబుకి నాలుగున్నరేళ్లు, పాపకి రెండు. ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తారు, సాయంత్రానికి హాల్లో కాలు పెట్టే సందుండదు. సర్దరా అని అరిచి గీపెట్టినా బాబు వినడు. చెత్త ఆటోకి ఇచ్చేస్తానంటే మొదట్లో ఏడ్చేవాడు, ఇప్పుడేమో "ఇచ్చెయ్, నాన్న కొత్తవి కొంటాడు" అంటున్నాడు. మా అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే వంగి అన్నీ ఏరుతుంటారు. మావారు 'మొక్కై వంగనిది మానై వంగునా' అని ఓ సామెత పడేసి లాప్‌టాప్ తెరుచుకుంటారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవాడు అన్నదాంట్లో తప్పేముందమ్మా, నాన్న కొంటున్నాడు కదా! అసలు తిరకాసు అక్కడే ఉంది. దానికితోడు అపార్ట్‌మెంట్లలో ప్రతి పుట్టినరోజుకీ రిటర్న్ గిఫ్ట్ అని ఓ ప్లాస్టిక్ కారు చేతిలో పెట్టి పంపిస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి నేల మీదుంటే పెద్దవాళ్లకే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. 2018లో అమెరికాలోని టోలెడో యూనివర్సిటీ వాళ్లు చిన్నపిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 పెట్టి చూస్తే, నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. కాబట్టి ముందు సగానికి పైగా అట్టపెట్టెల్లో కట్టి అటక మీద పడేయండి. రెండు మూడు వారాలకోసారి కొన్ని దించి కొన్ని ఎక్కించండి, పాతవే కొత్తగా కనిపిస్తాయి.

ఈ పని చేసేటప్పుడే చిన్న చిన్న ముక్కలున్నవీ, బటన్ బ్యాటరీ (చొక్కా గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) ఉన్నవీ వేరు చేసి పాపకి అందని చోట పెట్టండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, మింగిందేమోనని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇక 'సర్దు' అనే మాట. నాలుగేళ్లవాడికి అది అర్థమయ్యే పని కాదు. "కార్లన్నీ ఈ నీలం టబ్బులో వెయ్యి" అనండి, వేస్తాడు. అది అయ్యాకే రెండోది చెప్పండి. టబ్బులకి మూతలొద్దు, కింది అరలోనే ఉండాలి, ప్రతిదాని మీదా లోపల ఏముందో ఫొటో అతికించండి, వాడికింకా చదవడం రాదు కదా. బిల్డింగ్ బ్లాకులకైతే పాత దుప్పటి కంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు: దుప్పటి పరిచి దాని మీదే ఆడమనండి, అయ్యాక నాలుగు కొసలూ పట్టి మూటకట్టి టబ్బులోకి గుమ్మరిస్తే సరి. రెండు కొసలు మీరు, రెండు వాడు. అసలు ఆ మూట కట్టడం కోసమే వాడు ఆట ఆపినా ఆపుతాడు.

టైమ్ కూడా చూసుకోండి. నిద్ర ముంచుకొచ్చేవేళ సర్దమంటే ఏడుపు తప్ప ఏమీ రాదు, స్నానానికీ అన్నానికీ ముందే కానిచ్చేయండి, "ఇంకో రౌండు ఆడి ఆపేద్దాం" అని ముందే చెప్పి. పాప నాలుగు వేసి ఐదు తీస్తుంది, ఆ వయసుకి అదే ఆట, వదిలేయండి. చాక్లెట్ ఆశ చూపించకండి, రేపు చాక్లెట్ లేకపోతే పనీ ఉండదు. చెత్త ఆటో బెదిరింపు ఎలాగూ పనిచేయడం లేదు, మానేయండి.

అత్తయ్యగారిని ఏరొద్దంటే నొచ్చుకుంటారు, మనవడి మీద ప్రేమ కదా. అందుకే ఆవిడకి వేరే పని అప్పజెప్పండి: కుర్చీలో కూర్చుని "ఏనుగేదిరా? ఎర్ర బస్సేదిరా?" అని అడుగుతుండాలి, వాడు వెతికి తెచ్చి టబ్బులో వేస్తుండాలి. వంగడం మాత్రం నిషేధం.

మీవారికి రెండు మాటలు. కొత్త బొమ్మ ఇంట్లోకి రావాలంటే పాతదొకటి ఎవరికైనా ఇచ్చేశాకే. రెండోది, పిల్లలు టబ్బులు నింపే ఆ పది నిమిషాలూ సోఫా మీది ఛార్జర్ వైర్లు, గుమ్మంలో వదిలేసిన షూస్ ఆయన తీయాలి, అదీ వాడు చూస్తుండగా.